దిగేది బెంగళూరులో.. ఓడ ఎక్కేది చెన్నైలో.. మధ్యలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సంగతేంటి?

శ్రీ సత్యసాయి జిల్లాకు సముద్రం లేదు. పుట్టపర్తిలో రన్‌వే ఉన్నా అది ప్రత్యేక విమానాలకే ఎక్కువగా పనికొస్తోంది. కానీ ఈ జిల్లా వాళ్లను ‘మీ ఎయిర్‌పోర్టు ఏది?’ అని అడిగితే తడుముకోకుండా బెంగళూరు అంటారు. దేవనహళ్లి దగ్గరున్న కెంపేగౌడ విమానాశ్రయం నుంచి లేపాక్షికి సుమారు 100 కిలోమీటర్లే. పైగా విమానాశ్రయం ఉన్నది బెంగళూరుకు ఉత్తరాన, అంటే మనవైపే. సిటీ ట్రాఫిక్‌తో పనిలేకుండా నేరుగా 44వ నంబర్ జాతీయ రహదారి ఎక్కేయొచ్చు.

మరి ఈ సౌకర్యాన్ని మనం ఎంతవరకు వాడుకుంటున్నాం? క్రూయిజ్ టూరిజం పెరుగుతున్న ఈ టైమ్‌లో ఈ ప్రశ్న వేసుకోవాల్సిందే.

ఓడ టూరిజం నేర్పే పాఠం ఇదే

చెన్నై పోర్టు నుంచి 2022 జూన్‌లో కార్డీలియా క్రూయిజ్ ప్రయాణాలు మొదలయ్యాయి. విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబర్‌లో ప్రారంభించారు. 2025లో చెన్నై, విశాఖ, పుదుచ్చేరిని కలుపుతూ కార్డీలియా మళ్లీ తిరిగింది. అయితే ఈ ఓడలు సీజన్‌ను బట్టి నడుస్తాయి. ఏడాది పొడవునా దొరుకుతాయనుకుంటే పొరపాటే.

ఓడ ప్రయాణంలో ఒక రూల్ ఉంది. ఓడ ఎవరి కోసమూ ఆగదు. అందుకే పోర్టుల్లో టూర్ ఆపరేటర్లు ప్లాన్‌ను వెనక నుంచి వేస్తారు. ఓడ ఎన్నింటికి కదులుతుంది, బోర్డింగ్ ఎప్పుడు ముగుస్తుంది, దారిలో ఎంతసేపు పడుతుంది.. ఇవన్నీ తీసేశాక మిగిలిన గంటల్లోనే చూడాల్సినవి సర్దుతారు. బస్సు, గైడు, భోజనం అన్నీ ఒకే టికెట్‌లో వచ్చేస్తాయి. పర్యాటకుడు దేనికీ వెతుక్కోనక్కర్లేదు.

మన దగ్గర కథ వేరు. చూడాల్సినవి ఉన్నాయి, రోడ్డు ఉంది, రైలు ఉంది. వాటిని కలిపే టైమ్‌టేబులే లేదు.

మూడు ఊళ్లు.. మూడు కారణాలు

లేపాక్షిది హిందూపురం పక్కనే, 15 కిలోమీటర్ల లోపు దూరం. విజయనగర కాలపు వీరభద్రాలయం, వేలాడే స్తంభం, పైకప్పు మీద రంగుల చిత్రాలు, ఏకశిలా నంది.. ఇవన్నీ కలిపి 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. 2024 జనవరి 16న ప్రధాని మోదీ ఇక్కడికి వచ్చి పూజలు చేయడంతో దేశమంతా ఈ పేరు మారుమోగింది.

పెనుకొండ చరిత్ర ఇంకా పెద్దది. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత హంపి దెబ్బతింటే, విజయనగర రాజులకు రాజధాని అయింది ఈ ఊరే. కోట, గగన్ మహల్, పార్శ్వనాథ జైన ఆలయం, బాబయ్య దర్గా అన్నీ ఒక్క ఊళ్లోనే చూడొచ్చు. హంపి చూసినవాళ్లు ఆ కథ తర్వాత ఏమైందో తెలుసుకోవాలంటే రావాల్సింది ఇక్కడికే.

ధర్మవరం అంటే పట్టుచీర. భౌగోళిక గుర్తింపు ఉన్న చేనేత ఇది. షోరూంలో చీర కొనడం వేరు, మగ్గం దగ్గర కూర్చుని నేత చూశాక కొనడం వేరు. మరమగ్గాల చీరల పోటీతో నలిగిపోతున్న నేతన్నకు నేరుగా వచ్చే కొనుగోలుదారుడు ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు.

ప్లాన్ ఇలా వేసుకోవచ్చు

ఉదయం బెంగళూరులో దిగారనుకుందాం. చిక్కబళ్లాపురం, బాగేపల్లి మీదుగా కొడికొండ చెక్‌పోస్టు దాకా వచ్చి ఎడమవైపు తిరిగితే లేపాక్షి. కారులో రెండు గంటలు, ట్రాఫిక్ ఉంటే ఇంకాస్త ఎక్కువ. మధ్యాహ్నం హిందూపురంలో భోజనం. సాయంత్రానికి సోమందేపల్లి మీదుగా పెనుకొండ చేరి అక్కడో, హిందూపురంలోనో రాత్రి బస.

రెండో రోజు ఎండ ముదరకముందే పెనుకొండ కొండ ఎక్కాలి. తర్వాత ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీని దాటుకుంటూ ధర్మవరం. అక్కడి నుంచి ఓడ ఎక్కడ ఎక్కాలో దాన్ని బట్టి దారి మారుతుంది.

చెన్నై అయితే ధర్మవరం నుంచి కదిరి, పాకాల మీదుగా తిరుపతికి రైలు మార్గం ఉంది. ఈ లైన్‌లో రైళ్లు తక్కువ కాబట్టి ముందే టైమ్ చూసుకుని రిజర్వేషన్ చేయించుకోవాలి. తిరుపతి నుంచి చెన్నైకి రోడ్డు, రైలు రెండూ ఉన్నాయి. తిరుపతి–పాకాల–కాట్పాడి డబ్లింగ్‌కు కేంద్రం 2025 ఏప్రిల్‌లో ఓకే చెప్పింది. 104 కిలోమీటర్ల ఈ పనికి రూ.1,332 కోట్లు. అది పూర్తయితే తిరుపతి వైపు రైళ్లకు ఊపిరి ఆడుతుంది.

విశాఖ అయితే హిందూపురం, ధర్మవరం మీదుగా వెళ్లే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఉంది. దాదాపు ఒక రోజు ప్రయాణం అని లెక్క వేసుకోవాలి.

ఏ పోర్టుకైనా ఒక్క జాగ్రత్త తప్పనిసరి. ఓడ కదలడానికి ముందు రాత్రే ఆ సిటీకి చేరిపోవాలి. రైలు ఆలస్యమైందని చెప్పినా ఓడ వెనక్కి రాదు.

అసలు చిక్కు ఎక్కడ?

కారు పెట్టుకునే స్తోమత ఉంటే ఈ ప్లాన్ సులభమే. లేకపోతే? బెంగళూరు నుంచి అనంతపురం, హైదరాబాద్ వైపు వెళ్లే బస్సులు విమానాశ్రయం బయట హైవే మీద నుంచి పోతాయి. హైవేకి, టెర్మినల్‌కి మధ్య కొన్ని కిలోమీటర్లు ఉంది. లగేజీతో, పిల్లలతో దిగిన కుటుంబం హైవే పక్కన నిలబడి బస్సు చెయ్యెత్తి ఆపుతుందా?

రైలు సంగతి కూడా అంతే. 2021లో విమానాశ్రయం దగ్గర హాల్ట్ స్టేషన్ వచ్చింది. కానీ అది యలహంక–చిక్కబళ్లాపురం లైన్‌లో ఉంది. హిందూపురం రైళ్లు యలహంక నుంచి దొడ్డబళ్లాపురం, గౌరిబిదనూరు మీదుగా వెళ్తాయి. అంటే యలహంకలో దిగి రైలు మారాల్సిందే. 2023 సెప్టెంబర్‌లో మొదలైన కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందేభారత్ ధర్మవరంలో ఆగుతుంది. అది పెద్ద ప్లస్ పాయింటే. కానీ ధర్మవరంలో దిగినవాళ్లు లేపాక్షి దాకా రావాలంటే మళ్లీ ఆటో, బస్సు, ఇంకో ఆటో.

ఈ దారిలో డిమాండ్ లేదని అనడానికి లేదు. 2019లో కియా వచ్చాక కొరియా వాళ్లు ఇదే హైవే మీద తిరుగుతున్నారు. పెనుకొండ చుట్టుపక్కల కొరియన్ బోర్డులు వెలిశాయి. కంపెనీ కారు ఉన్నవాళ్లకు ఈ దూరం సమస్యే కాలేదు. సమస్య మామూలు పర్యాటకుడిదే.

ఖర్చు తక్కువ.. ఫలితం ఎక్కువ

కర్ణాటక ఆర్టీసీ విమానాశ్రయం నుంచి మైసూరుకు ఫ్లైబస్ నడుపుతోంది. అదే తరహాలో టెర్మినల్ నుంచి లేపాక్షి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వరకు రోజుకు రెండు బస్సులు వేసి చూస్తే పోయేదేముంది? రెండు రాష్ట్రాల ఆర్టీసీలు కూర్చుని మాట్లాడుకోవాలి. వందేభారత్ టైమ్‌కు ధర్మవరం స్టేషన్ దగ్గర ఒక టూరిస్ట్ బస్సు ఉండాలి. లేపాక్షి, పెనుకొండల్లో శిక్షణ పొందిన గైడ్లు, శుభ్రమైన టాయిలెట్లు, లగేజీ పెట్టుకునే గది కావాలి. ఇవేవీ వేల కోట్ల ప్రాజెక్టులు కావు.

ఇప్పుడు జరుగుతున్నది ఏంటంటే.. బెంగళూరు నుంచి పొద్దున వచ్చినవాళ్లు లేపాక్షిలో సెల్ఫీ దిగి సాయంత్రానికి వెనక్కి వెళ్లిపోతున్నారు. గది అద్దె బెంగళూరుకు, భోజనం హైవే హోటల్‌కు, మన ఊళ్లకు మిగిలేది పార్కింగ్ డబ్బులు. అదే పర్యాటకుడు ఒక్క రాత్రి ఇక్కడ ఆగితే హిందూపురం లాడ్జికి, పెనుకొండ ఆటోకు, ధర్మవరం మగ్గానికి తలా కొంత దక్కుతుంది.

యునెస్కో తుది గుర్తింపు వచ్చాక చూద్దాంలే అనుకుంటే అప్పటికి ఆలస్యమవుతుంది. జనం వచ్చేలోపే దారి సిద్ధంగా ఉండాలి. రోడ్డు, రైలు ఎప్పుడో వేశారు. ఇక కావాల్సింది వాటిని కలిపే ఒక్క బస్సు, ఒక్క టైమ్‌టేబుల్. అది ముందు ఏ ఆఫీసు బల్ల మీద కదులుతుందో చూడాలి.