ముసాఫిర్ వేరు, ముఖీమ్ వేరు

మన తెలుగు ముస్లిం కుటుంబాలకు పరదేశం కొత్త కాదు. కడప, నెల్లూరు, కరీంనగర్, నిజామాబాద్, హైదరాబాద్ పాతబస్తీ... ఏ వీధిలో చూసినా జిద్దాలోనో, దుబాయిలోనో, కువైట్‌లోనో ఒక కొడుకో అల్లుడో ఉన్న ఇల్లు కనిపిస్తుంది. అక్కడి కష్టసుఖాలు మన ఆడవాళ్ళకు కూడా కంఠతా వచ్చు. కాని ఈమధ్య మన యువకుల నోట మరో దేశం పేరు తరచుగా వినిపిస్తోంది. అది థాయిలాండ్. "వీసా గొడవ లేదు అబ్బాజాన్, టిక్కెట్టు కొనుక్కుని ఎక్కడమే" అంటున్నారు. తల్లిదండ్రులు సంతోషించి సరే అంటున్నారు. ఆలోచించవలసింది సరిగ్గా ఇక్కడే.

షరీఅత్‌లో ముసాఫిర్‌కు ఒక హుకుం, ముఖీమ్‌కు మరో హుకుం ఉన్నాయని మనకు తెలుసు. ప్రయాణికుడు నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేస్తాడు. ఒకచోట పదిహేను రోజులు లేక అంతకు మించి ఉండాలని సంకల్పించిన మరుక్షణం, హనఫీ ఫిఖా ప్రకారం, ఆ వెసులుబాటు ఉండదు. పూర్తి నమాజు చేయాలి. థాయిలాండ్ చట్టం తీరు కూడా దాదాపు ఇలాగే ఉంటుంది. చూసి పోయేవాడికి ఎన్నో సౌకర్యాలు. ఉండిపోదామనుకున్నవాడికి అడుగడుగునా బాధ్యతలు. మన పిల్లలు ముసాఫిర్‌కిచ్చే సౌకర్యాన్ని చూసి బయలుదేరుతున్నారు. వెళ్ళిన తర్వాత ముఖీమ్ బాధ్యతలు మీదపడితే తెల్లబోతున్నారు.

2023 నవంబరులో ఆ దేశం భారతీయులకు 30 రోజుల వరకు వీసా లేకుండా ప్రవేశం కల్పించింది. 2024 జూలైలో ఆ గడువును 60 రోజులకు పెంచింది. ఈ నియమాలు ప్రభుత్వాలతో పాటు మారుతుంటాయి కనుక బయలుదేరే ముందు రాయబార కార్యాలయంలో విచారించుకోవాలి. 2025 మే నుంచి ప్రతి విదేశీయుడూ రాకకు మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో ప్రవేశపత్రం నింపాలి. ఇది పూర్తిగా ఉచితం. దీనికి కూడా డబ్బు గుంజే దళారులున్నారు, జాగ్రత్త! అసలు విషయం ఏమంటే, ఈ ప్రవేశంతో తిరగవచ్చు, బంధువులను కలవవచ్చు; జీతానికి ఉద్యోగం మాత్రం చేయరాదు. ఉద్యోగానికి ముందుగా తగిన వీసా, ఆపైన పని అనుమతిపత్రం ఉండాలి. ఆ అనుమతి ఏ యజమాని కింద ఇచ్చారో అక్కడికే పరిమితం. ఉద్యోగం పోతే దానిపై ఆధారపడిన నివాసం కూడా పోతుంది.

గల్ఫ్‌లో కాగితాల బాధ్యత చాలావరకు కంపెనీదో కఫీల్‌దో అవుతుంది. థాయిలాండ్‌లో చాలామంది తమ కాగితాలు తామే చూసుకోవాలి. 90 రోజులకు మించి ఉండేవారు ప్రతి 90 రోజులకూ తమ చిరునామా ఇమిగ్రేషన్ వారికి తెలియజేయాలి. ఇంట్లో విదేశీయుడు దిగితే 24 గంటల లోపు ఆ ఇంటి యజమాని సమాచారం ఇవ్వాలి. యజమాని బద్ధకిస్తే రేపు కౌంటరు దగ్గర ఇబ్బంది పడేది మనవాడే. గడువు దాటి ఉంటే రోజుకు 500 బాత్‌ల జరిమానా, గరిష్ఠంగా 20,000 బాత్‌లు. 500 బాత్‌లంటే మన లెక్కలో వెయ్యి రూపాయలు దాటిన మాటే. జరిమానాతో కూడా పోదు. 2016 నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం 90 రోజులకు మించి గడువు దాటినవాడు తనంతట తాను వెళ్ళి లొంగిపోయినా ఒక ఏడాది ఆ దేశంలో అడుగుపెట్టరాదు. పోలీసులకు పట్టుబడితే నిషేధం ఐదేళ్ళ నుంచి మొదలవుతుంది.

మరో నియమం చాలామందికి తెలియదు. నివాస అనుమతి ఉన్నవాడు సైతం దేశం దాటి తిరిగి రావాలంటే ముందుగా పునఃప్రవేశ అనుమతి తీసుకోవాలి. అది లేకుండా సరిహద్దు దాటితే ఉన్న అనుమతి రద్దవుతుంది. ఊరి నుంచి ఫోను వస్తుంది, తండ్రి వఫాత్ అయ్యారని. జనాజా అందాలన్న ఆత్రంలో ఎవరికైనా కాగితం గుర్తుంటుందా? సంపాదించి కూడబెట్టుకున్న స్థానం ఆ ఒక్క రాత్రిలో పోతుంది. అందుకే అక్కడున్నవారు దాన్ని ముందే తీసి పెట్టుకోవడం మంచిది.

"ఏదో ఒక పని దొరక్కపోతుందా" అనే మాట కూడా అక్కడ చెల్లదు. వీధిలో తోపుడుబండి వ్యాపారం, క్షవరం, వాహనం నడపడం, దుకాణంలో అమ్మకం, పర్యాటకులకు దారి చూపడం వంటి పనులు ఆ దేశం తన పౌరులకే కేటాయించింది. మన చిన్న పనివాడు నమ్ముకునే పనులు సరిగ్గా ఇవే. విదేశీయుడు తన పేరిట భూమి కూడా కొనలేడు. అనుమతి లేకుండా పనిచేస్తే 5,000 నుంచి 50,000 బాత్‌ల వరకు జరిమానా, ఆపైన దేశ బహిష్కారం. ఒక దేశంలోకి వెళ్ళేటప్పుడు ఆ దేశపు షరతులకు ఒప్పుకునే వెళుతున్నాం. అది ఒక అహద్, అంటే వాగ్దానం. పరాయివారితో చేసుకున్న ఒప్పందమైనా సరే, నిలబెట్టుకోవడం మన బాధ్యత.

ఇక అన్నింటికన్నా భయంకరమైన సంగతి. "థాయిలాండ్‌లో కంప్యూటర్ ఉద్యోగం, డేటా ఎంట్రీ, మంచి జీతం" అని ఆశచూపి, బ్యాంకాక్‌లో దించి, కారులో మే సోత్ పట్టణానికి తీసుకుపోయి, అక్కడి నది దాటించి మయన్మార్‌లోని మ్యావడీ ప్రాంతంలో బంధించిన సంఘటనలు ఎన్నో జరిగాయి. అక్కడ వారిచేత ఫోన్ల ద్వారా, కంప్యూటర్ల ద్వారా మనుషులను మోసగించే పని చేయించారు. కాదన్నవారిని కొట్టారు. 2025 మార్చిలో భారత ప్రభుత్వం మే సోత్ నుంచి వైమానిక దళ విమానంలో ఒకరోజు 283 మందిని, మరునాడు 266 మందిని స్వదేశానికి తీసుకువచ్చింది. వారిలో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఎవరి బిడ్డలు వాళ్ళు? చదువుకుని, ఇంటి అప్పు తీర్చాలని బయలుదేరిన మనలాంటివారి బిడ్డలే.

ఇంకో రెండు ఉచ్చులు కూడా చెప్పాలి. "నీ పేరుతో ఒక బ్యాంకు ఖాతా తెరిచి ఇవ్వు, కమీషన్ ఇస్తా" అనేవారుంటారు. 2023లో వచ్చిన అక్కడి శాసనం కింద ఇలా ఖాతా అప్పగించినవాడికి మూడేళ్ళ వరకు జైలు పడవచ్చు. అలాగే 2022లో ఆ దేశం గంజాయిని మాదకద్రవ్యాల జాబితా నుంచి తీసివేసింది. 2025లో తిరిగి వైద్యుని చీటీకి పరిమితం చేసింది. ఆ మధ్యకాలంలో "ఈ సూట్‌కేసు ఊళ్ళో మావాళ్ళకు ఇవ్వు" అన్న మాట నమ్మి మోసుకొచ్చి మన విమానాశ్రయాలలో పట్టుబడినవారున్నారు. అక్కడి చట్టం ఏదైనా, ఇక్కడ అది పెద్ద నేరం. అమానత్ మోయడం పుణ్యమే. కాని లోపల ఏముందో తెలియని పెట్టెను అమానత్ అనుకోవడం అమాయకత్వం.

ఇన్ని చెప్పి భయపెట్టడం మా ఉద్దేశం కాదు. సక్రమంగా వెళ్ళి, కాగితాలు సరిగా ఉంచుకుని, గౌరవంగా బ్రతుకుతున్నవారు అక్కడ చాలామంది ఉన్నారు. వారి రోజువారీ జీవితంలో మొదటి పరీక్ష భాష. గల్ఫ్ బజారులో ఉర్దూతో పని జరుగుతుంది. బ్యాంకాక్ బజారులో జరగదు. థాయ్ భాషలో 44 హల్లులు, ఐదు స్వరాలు ఉన్నాయి. పలికే స్వరాన్ని బట్టి 'మా' అనే ఒక్క శబ్దమే 'రా' అని ఒకసారి, 'గుర్రం' అని ఒకసారి, 'కుక్క' అని మరోసారి అర్థమిస్తుంది. రాతలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. అయినా తెలుగువాడికి ఒక సౌలభ్యం ఉంది. పాళీ, సంస్కృతాల నుంచి వెళ్ళిన మాటలు అక్కడ కోకొల్లలు. భాషను 'ఫాసా' అంటారు, ఆహారాన్ని 'ఆహాన్', గురువును 'ఖ్రూ', నగరాన్ని 'నఖోన్' అంటారు. మరో చిక్కు తేదీలది. అక్కడ బౌద్ధ శకం నడుస్తుంది. మన సంవత్సరానికి 543 కలపాలి. 2026 అక్కడ 2569. మందు సీసా మీది గడువైనా, అద్దె ఒప్పందమైనా ఈ లెక్క తెలియకపోతే పొరపడతాం.

రెండవ పరీక్ష పళ్ళెం. పంది మాంసం అక్కడ నిత్యాహారం. దాన్ని 'మూ' అంటారు. కోడి మాంసం అని అడిగి తెచ్చుకున్న నూడుల్స్‌లో కూడా పులుసు పంది ఎముకలతో కాచినది కావచ్చు. కనుక అడగడం ఒక్కటే చాలదు, చూడాలి. థాయిలాండ్ కేంద్ర ఇస్లామిక్ మండలి ధ్రువీకరించిన వస్తువులపై 'హలాల్' అని అరబీలో ఉన్న గుర్తు ముద్రిస్తారు. చులాలాంగ్‌కార్న్ విశ్వవిద్యాలయంలో హలాల్ పరీక్షలకు ప్రత్యేకంగా ఒక విజ్ఞాన కేంద్రమే ఉంది. ముస్లింలు నడిపే హోటళ్ళలో 'ఖావ్ మోక్ కాయ్' అని పసుపు రంగు కోడి అన్నం దొరుకుతుంది. అది మన బిర్యానీకి దూరపు చుట్టం.

ఆ దేశంలో ముస్లింలు వందలో ఐదుగురు ఉంటారు. పట్టానీ, యాలా, నరాతివాత్, సతూన్ దక్షిణ జిల్లాలలో వారే అధికం. బ్యాంకాక్‌లోనూ, ఉత్తరాన చియాంగ్ మాయ్‌లోనూ పాత మసీదులున్నాయి. పదిహేడవ శతాబ్దం తొలినాళ్ళలో ఇరాన్‌లోని ఖుమ్ నగరం నుంచి అయుత్థయాకు వచ్చిన షేక్ అహ్మద్ రాజదర్బారులో పెద్ద పదవి పొందారు. ముస్లిం వ్యవహారాలు చూసే 'చులారాచమోన్త్రీ' అనే పదవి ఆయనతో మొదలై నేటికీ కొనసాగుతోంది. కొత్తగా వెళ్ళినవాడు మొదటి జుమాకే దగ్గరలోని మసీదు వెతుక్కోవాలి. నమాజుకే కాదు, నమ్మదగిన ఇల్లు, హలాల్ దుకాణం, కష్టకాలంలో ఒక తోడు దొరికేది కూడా అక్కడే.

మూడవ పరీక్ష మర్యాద. తల పవిత్రమని అక్కడి నమ్మకం. ముద్దుగానైనా పిల్లల తల నిమరరాదు. కాళ్ళు ఎవరివైపూ చాపరాదు. గొంతు పెంచి బేరమాడితే, కౌంటరు దగ్గర కోప్పడితే జరిగే పని కూడా ఆగిపోతుంది. ఉదయం 8 గంటలకు, సాయంత్రం 6 గంటలకు బహిరంగ స్థలాల్లో జాతీయగీతం వినబడితే నిలబడాలి. రాజకుటుంబాన్ని కించపరిచే మాట అంటే ఒక్కో నేరానికి మూడు నుంచి పదిహేనేళ్ళ జైలు. ఫోనులో ముందుకు పంపిన ఒక వేళాకోళం కూడా ఈ కిందికి రావచ్చు.

భారతీయులను, అరబ్బులను, మలయ్ వారిని థాయ్‌వారు 'ఖేక్' అంటారు. ఆ మాటకు అసలు అర్థం అతిథి. కాని ఒక్కోసారి ఆ పిలుపులో చిన్నచూపు కూడా ధ్వనిస్తుంది. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు కొందరు ముఖం తిప్పుకుంటారు. ఇది బాధాకరమే. అయితే దానికి మన జవాబు కోపం కాకూడదు. అద్దె సకాలంలో కట్టే కిరాయిదారు, మాట మీద నిలిచే పనివాడు ఆ పిలుపుకు అసలు అర్థాన్ని తిరిగి తెచ్చిపెడతాడు.

ఇంటావిడను, పిల్లలను తీసుకుపోయేవారు మరింత ఆలోచించాలి. ప్రభుత్వ బడులలో చదువు థాయ్ భాషలో సాగుతుంది. అంతర్జాతీయ పాఠశాలల ఫీజులు మధ్యతరగతి జీతానికి అందవు. ప్రైవేటు ఆసుపత్రి బిల్లు ఒక్కటి చాలు, ఏడాది పొదుపు కరిగిపోవడానికి. కనుక ఆరోగ్య బీమా, పిల్లల బడి, ఇంటి అద్దెకు ముందుగా కట్టవలసిన మూడు నెలల సొమ్ము, ఈ మూడూ జీతంతో పాటే లెక్క వేసుకోవాలి. మగవాడు పనికి వెళ్ళాక భాష రాని ఊరిలో రోజంతా నాలుగు గోడల మధ్య ఉండే స్త్రీ ఒంటరితనం ఏ లెక్కలోనూ కనబడదు. అదీ గుర్తుంచుకోవాలి.

మరి ఏం చేయాలి? మన ప్రభుత్వం ఉద్యోగ వలసకు అనుమతి అవసరమని నిర్ణయించిన 18 దేశాల జాబితాలో థాయిలాండ్ కూడా ఉంది. పాస్‌పోర్టుపై ఇ.సి.ఆర్. ముద్ర ఉన్నవారు, అంటే ఎక్కువగా పదో తరగతి దాటనివారు, ఉద్యోగానికి వెళ్ళాలంటే వలసల సంరక్షణాధికారి అనుమతి పొందాలి. ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఏజెంటు రిజిస్టరయ్యాడో లేదో ఈమైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు. రిజిస్టరైన ఏజెంటు సైతం తన రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మించి తీసుకోకూడదు. "ముందు టూరిస్టుగా రా, తర్వాత మార్పిస్తాను" అన్నాడంటే ఆ మాట దగ్గరే బేరం తెంచుకోవాలి. అక్కడ కష్టం వస్తే బ్యాంకాక్‌లో మన రాయబార కార్యాలయం, చియాంగ్ మాయ్‌లో కాన్సులేట్ ఉన్నాయి. ఆ నంబర్లు కొడుకు ఫోనులోనే కాదు, ఇంటి గోడమీద కూడా ఉండాలి.

కూతురికి సంబంధం చూసేటప్పుడు మనం ఎన్ని విచారిస్తాం! వంశం, నడవడి, ఉద్యోగం, ఇరుగుపొరుగు... నలుగురినీ అడిగి గాని నిశ్చయించం. కొడుకును సముద్రాల అవతలికి పంపేటప్పుడు ఒక్క ఏజెంటు మాటతో ఎందుకు సరిపెట్టుకుంటున్నాం? నియామకపత్రం అడగండి. కంపెనీ పేరు, ఊరు, వీసా రకం రాయించుకోండి. చదవడం రాకపోతే బస్తీలో చదువుకున్న పిల్లవాడితో చదివించుకోండి. మసీదు కమిటీలవారు జుమా తర్వాత పది నిమిషాలు ఈ విషయానికి కేటాయిస్తే, అక్కడ ఉండి వచ్చినవారిచేత నాలుగు మాటలు చెప్పిస్తే, ఒక ఇంటి దీపమైనా ఆరకుండా ఉంటుంది.

రిజ్క్ వెతుక్కుంటూ భూమిపై సంచరించడం మనకు నిషిద్ధం కాదు, ప్రోత్సాహమే ఉంది. వెళ్ళండి, సంపాదించండి. కాని ముసాఫిర్‌గా వెళుతున్నారా, ముఖీమ్‌గా వెళుతున్నారా అన్నది గడప దాటక ముందే తేల్చుకోండి. నియ్యత్ ఏదో ఆ కాగితమే చేతిలో ఉండాలి.