పాలిచ్చే తల్లికి పొగడ్తలు చాలు, సమయం కావాలి

ఆగస్టు మొదటి వారం తల్లిపాల వారోత్సవాలు. 1992 నుండి ప్రపంచమంతటా జరుగుతున్నవే. ఆ ఏడు రోజులూ తల్లిపాలు అమృతమని గోడల మీద రాస్తారు. తల్లికి భూదేవంత ఓర్పు ఉంటుందని వేదికలెక్కి చెబుతారు. ఎనిమిదో రోజున ఆ తల్లి ఎప్పటిలాగే చంటిబిడ్డను ఏడేళ్ల పెద్దపిల్లకు అప్పగించి మిరప చేలోకి వెళ్తుంది. పెద్దపిల్ల బడి మానేస్తుంది. ఇంతకీ ఆ ఓర్పు ఎక్కడి నుండి వస్తుంది, దేని ఆధారంగా నిలుస్తుంది అని మాత్రం ఎవరూ అడగరు. శరీరశాస్త్రం అడిగింది. అది చెప్పిన జవాబు మన ఉద్యమానికి పనికొస్తుంది.

భయమో బాధో కలిగినప్పుడు మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథిని, అది మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులను ప్రేరేపిస్తాయి. రక్తంలో కార్టిసాల్ వంటి ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి. పాలిచ్చే కాలంలో క్షీరదాలలో ఈ ఏర్పాటు మారుతుంది. పెద్ద శబ్దం విన్నా, కదలకుండా బంధించినా, పాలిచ్చే ఎలుకల్లో ఈ హార్మోన్లు మిగతా ఎలుకల్లో పెరిగినంతగా పెరగవని 1970ల నుండి జరిగిన పరిశోధనలు చూపాయి. పిల్ల పాలు తాగేటప్పుడు విడుదలయ్యే ఆక్సిటోసిన్, ప్రొలాక్టిన్ హార్మోన్లకు ఇందులో పాత్ర ఉంది.

ఇంతవరకే చెప్పి ఆపితే అది భూదేవి కథకు బలం చేకూర్చినట్టే అవుతుంది. అసలు విషయం ఆ తర్వాత ఉంది. పిల్లలను తల్లి నుండి వేరు చేస్తే కొద్ది రోజుల్లోనే ఆ నెమ్మది పోతుంది. పిల్లలు తిరిగి పాలు తాగడం మొదలుపెడితే మళ్లీ వస్తుంది. పిల్లలు దగ్గరున్నప్పుడు వాటికి ప్రమాదం ఎదురైతే తల్లి ఎలుక శరీరం గట్టిగానే స్పందిస్తుంది. అంటే తల్లి మొద్దుబారిపోలేదు. ఆ నెమ్మది పుట్టుకతో వచ్చిన గుణమూ కాదు. బిడ్డ దగ్గరుండి పాలు తాగుతున్నంత కాలమే నిలిచే స్థితి అది.

మనుషుల్లోనూ ఇలాంటిదే కనిపించింది. వ్యాయామం చేయించి పరీక్షించినప్పుడు పాలిచ్చే స్త్రీలలో కార్టిసాల్ తక్కువగా పెరిగిందని 1995లో ఒక అధ్యయనం తెలిపింది. 2001లో వెలువడిన మరో అధ్యయనంలో పాలిచ్చే తల్లుల్లో కొందరి చేత బిడ్డకు పాలిప్పించారు, మరికొందరి చేత బిడ్డను ఊరకే ఎత్తుకోనిచ్చారు. తర్వాత అందరి చేత పరాయివాళ్ల ముందు మాట్లాడించి, లెక్కలు చేయించారు. అప్పుడే పాలిచ్చినవారిలో కార్టిసాల్ తక్కువగా పెరిగింది. మనుషుల్లో ఈ ప్రభావం కొద్దిసేపటిదే. పాలిస్తే దిగులు రాదనీ, కష్టం తెలియదనీ దీనికి అర్థం కాదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఒత్తిడి పాలను ఆపగలదు. 1948లో అమెరికాలో మైకేల్ న్యూటన్, నైల్స్ న్యూటన్ దంపతులు ఒక తల్లి మీద చేసిన ప్రయోగంలో నొప్పి, ఐసు నీళ్లు, ఆగని ప్రశ్నలు బిడ్డకు అందే పాలను తగ్గించాయి. హార్మోను ఇంజెక్షన్ ఇస్తే మళ్లీ వచ్చాయి. పాడి చూసే మన స్త్రీలకు ఇది కొత్త సంగతి కాదు. బెదిరిన గేదె చేపదు. అందుకే దూడను విడిచి, చేపు వచ్చాక పితుకుతారు. పశువు విషయంలో ఇంత జాగ్రత్త తెలిసిన సమాజం కూలికి వచ్చిన బాలింత దగ్గరకు వచ్చేసరికి అన్నీ మరచిపోతుంది. ఆమె పాలు గడ్డకట్టి జ్వరం తెచ్చుకుంటే అది ఆమె సొంత గొడవ!

చట్టం ఏం చేసింది? 1961 ప్రసూతి ప్రయోజన చట్టం బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు రెండు విరామాలు ఇచ్చింది. 2017 సవరణ మొదటి ఇద్దరు బిడ్డలకు జీతంతో సెలవును 26 వారాలకు పెంచింది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లవచ్చనీ చెప్పింది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ అంశాలు ఉన్నాయి. కానీ పొలాల్లో, ఇటుక బట్టీల్లో, ఇళ్లలో పనిచేసే స్త్రీలకు, ఇంటి దగ్గర బీడీలు చుట్టేవారికి ఇవి అందవు. 2013 ఆహార భద్రతా చట్టం కనీసం 6,000 రూపాయలు ఇవ్వాలంది. 2017లో వచ్చిన మాతృ వందన యోజన మొదటి కాన్పుకు 5,000తో సరిపెట్టింది. 26 వారాలకు పంచితే రోజుకు 28 రూపాయలు కూడా పడదు. పని చోట ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురుంటే వారిని చూడడానికి కూలి ఇచ్చి ఒక స్త్రీని పెట్టాలని 2005 ఉపాధి హామీ చట్టం రాసింది. చాలా చోట్ల అది కాగితం మీదే మిగిలింది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఈ శాస్త్రాన్ని చూపి స్త్రీ ఇంట్లోనే ఉండాలనేవాళ్లు బయలుదేరుతారు. పాలు ఇవ్వలేని, ఇవ్వని తల్లిని తక్కువ చేసేవాళ్లూ ఉంటారు. ఇద్దరినీ ఒప్పుకోనవసరం లేదు. పాలివ్వడం స్త్రీ ఎంపిక. ఆ ఎంపికకు చోటు, సమయం, కూలి కల్పించడం సమాజం బాధ్యత.

కాబట్టి మన సంఘాలు ఏ పనిస్థలానికి వెళ్లినా మూడు ప్రశ్నలు వేయాలి. చంటిబిడ్డ ఎక్కడుంది? తల్లి ఎన్నిసార్లు దాని దగ్గరకు వెళ్లగలుగుతోంది? ఆ సమయానికి కూలి కోస్తున్నారా? ఈ జవాబులను ఊరూరా రాసి, కార్మిక శాఖ ముందు పెడదాం. వచ్చే ఆగస్టులో వేదికల మీద తల్లి ఓర్పును పొగిడేవారికి ఆ కాగితాలే చూపిద్దాం.

– సంపాదకవర్గం