జీర్ణరథం – నూతన యంత్రం

వస్తువు పాతబడడం వేరు, శిథిలం కావడం వేరు. పాతబడిన దానికి కాలమే గౌరవాన్ని తెచ్చిపెడుతుంది. శిథిలమైన దాన్ని మనిషి పూనుకొని నిలబెడితే తప్ప కాలం మిగల్చదు. దేవాలయాల విషయంలో పూర్వులు ఈ భేదాన్ని చక్కగా గుర్తించారు. కొత్త గుడి కట్టించడం కంటే పాడుపడిన గుడిని ఉద్ధరించడం మేలని పెద్దలు చెప్పేవారు. దానికి జీర్ణోద్ధారణ అని పేరు. ఆ మాటను మోటారు వాహనానికి అన్వయిస్తే కొందరికి వింతగా తోచవచ్చు. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ, సారపాకల మీదుగా భద్రాచలం చేరి, అక్కడి నుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి అంచున సాగిపోయే దారిని ఎరిగినవారికి మాత్రం అది వింత కాదు. ఆ దారిలో జీపు అనేక దశాబ్దాల పాటు బస్సు వెళ్ళని ఊళ్ళకు బస్సు, వైద్యుడు లేని గూడేలకు అంబులెన్సు, సంతరోజున సరుకుల బండి.

జీపు పుట్టుక యుద్ధంలో జరిగింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1941 నుంచి, అమెరికాలోని విల్లీస్ సంస్థ సైన్యం కోసం దీన్ని పెద్ద ఎత్తున తయారు చేసింది. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, సుమారు 2.2 లీటర్ల పరిమాణం, 60 అశ్వశక్తి, నాలుగు చక్రాలకూ అందే చోదకబలం - ఇంతే దాని సంపద. 1945లో ఏర్పడిన మహీంద్రా సంస్థ, ఆ దశకం ముగిసేలోగానే ఈ జీపులను భారతదేశానికి తెచ్చి కూర్చడం ప్రారంభించింది. 1973లో చమురు ధరలు భగ్గుమన్న తర్వాత పెట్రోలు జీపును పోషించడం సామాన్యుడికి ఏనుగును మేపడంతో సమానమైంది. అప్పటి నుంచి పాత పెట్రోలు ఇంజనును దించి డీజిల్ ఇంజనును ఎక్కించడం దేశమంతటా సాధారణ వ్యవహారంగా మారింది. తర్వాతి కాలంలో జీపు తయారీదారులే ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థ రూపకల్పన చేసిన డీజిల్ ఇంజనును అమర్చి అమ్మారు. అంటే షెడ్డులో మెకానిక్ చేసిన పనినే కర్మాగారమూ చేసిందన్నమాట.

ఇనుముకు శత్రువు తుప్పు. నీరు, గాలిలోని ప్రాణవాయువు కలిసి ఇనుమును తినివేస్తాయి. తుప్పు అసలు లోహం కంటే ఎక్కువ చోటును ఆక్రమిస్తుంది. అందువల్ల అది పొరలుగా ఉబ్బి రాలి, కింది లోహాన్ని మళ్ళీ గాలికి, తడికి బయటపెడుతుంది. గోదావరి తీరంలో ఈ బెడద మరింత అధికం. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో మళ్ళీ 71 అడుగులు దాటింది. వరద తీసిన తర్వాత ఇంట్లో బురదను కడిగివేయవచ్చు. వాహనపు ఛాసిస్ లోపలి బోలులో చేరిన ఒండ్రును ఎవరు కడుగుతారు? అది నెలల తరబడి చెమ్మను పట్టి ఉంచుతుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల ఎముక గుల్లబారుతుంది.

జీర్ణోద్ధారణలో మొదటి పరీక్ష ఇక్కడే ఎదురవుతుంది. గుల్లబారిన రేకును కోసివేసి, కొత్త రేకును వెల్డింగ్ చేసి, తుప్పును నిరోధించే పూత పూయడం ఒక పద్ధతి. రంధ్రాన్ని లప్పంతో పూడ్చి పైన రంగు కొట్టడం మరొక పద్ధతి. రెండవ దానికి ఖర్చు తక్కువ, మెరుపు ఎక్కువ. అది మరమ్మతు కాదు, అలంకారం మాత్రమే. శబ్దాడంబరంతో భావదారిద్ర్యాన్ని కప్పిపుచ్చిన కావ్యాలు సాహిత్యంలోనూ లేకపోలేదు!

ఇక యంత్రమార్పిడి. పాత కథలలో పరకాయప్రవేశం ప్రసిద్ధం. అక్కడ ఆత్మ ఒకటే, శరీరం మారుతుంది. ఇక్కడ శరీరం నిలిచి ఉండి లోపలి ప్రాణం మారుతుంది. అందువల్ల చిక్కులూ వేరు. డీజిల్ ఇంజను సాధారణంగా పెట్రోలు ఇంజను కంటే బరువైనది. అదురూ ఎక్కువే. దాన్ని మోయడానికి ఛాసిస్ మీద కొత్త ఆధారాలు వెల్డింగ్ చేయాలి. ముందు కమాన్లకు బలం చేకూర్చాలి. ఇంజనూ గేరుబాక్సూ ఒకే సరళరేఖలో కలిసేలా నడిమి పలకను లేతు మీద చెక్కించాలి. ఆ రేఖ కొంచెం తప్పినా బేరింగులు త్వరలోనే అరిగిపోతాయి. యుద్ధకాలపు జీపులో ఆరు వోల్టుల విద్యుత్తు ఉండేది. కొత్త ఇంజనుకు పన్నెండు వోల్టులు కావాలి, కనుక తీగలన్నీ మార్చాలి. ఇంత శ్రమపడి, శక్తిని రెట్టింపు చేసి, పాత బ్రేకులను అలాగే వదిలివేసేవారున్నారు. పరుగెత్తే శక్తిని ఇచ్చి ఆగే శక్తిని ఇవ్వకపోవడం సాహసం కాదు, అపరాధం. ఘాట్ మలుపులో ఆ జీపు వెనుక కూర్చున్న పదిమందికి ఇంజను అశ్వశక్తితో పని లేదు.

ఇటీవలి ఇంజన్ల విషయంలో మరొక సందేహం ఉంది. వాటిలో ఇంధనాన్ని కొలిచి పంపేది కంప్యూటరు. పొగ తక్కువ, ఇంధనం ఆదా; ఈ రెండూ నిజమైన లాభాలే. అయితే చర్ల దాటిన తర్వాత అడవిలో ఒక చిన్న సెన్సరు పాడైతే పానా, స్క్రూడ్రైవరు ఏమి చేయగలవు? పాత ఇంజను అలసిపోయినా దాని రోగం చెవికి వినిపించేది. కొత్త ఇంజను రోగాన్ని వేరొక యంత్రం చదివి చెప్పాలి. అడవి అంచున బతికే బండికి అత్యాధునికమైన ఇంజను కంటే, ఆ ప్రాంతపు మెకానిక్ విప్పి బిగించగల ఇంజనే ఉచితం.

ఈ మార్పిడిని ససేమిరా ఒప్పుకోనివారూ ఉన్నారు, వారి వాదాన్ని తోసివేయడానికి వీలులేదు. హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దాన్ని తెప్పించదలచాడు. 1911లో మరణించడంతో అది ఆయన వారసునికి దక్కింది. దశాబ్దాల పాటు కదలక పడి ఉండి, తర్వాత పునరుద్ధరణ పొందింది. దానిలో నేటి ఇంజనును అమరిస్తే ఎవరు హర్షిస్తారు? అది దారి నడవడానికి మిగిలిన బండి కాదు, ఒక కాలపు సాక్ష్యం. 1961లో లోకానికి పరిచయమైన జాగ్వార్ ఇ-టైప్ స్పోర్ట్స్ కారుకు 2017లో ఆ సంస్థే విద్యుత్ మోటారును అమర్చి చూపింది. అవసరమైతే పాత ఇంజనును తిరిగి పెట్టుకోవచ్చని కూడా చెప్పింది. అయినా చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2019లో, ఇలా మార్చిన కారును చారిత్రక వాహనంగా పరిగణించలేమని స్పష్టం చేసింది. భారత ప్రభుత్వం 2021లో తెచ్చిన నిబంధనలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్‌లో గాని, ఇంజనులో గాని గణనీయమైన మార్పు లేని వాహనాలకే వింటేజి గుర్తింపు లభిస్తుంది. వాటిని నిత్యప్రయాణానికి వాడరాదు.

అడవిదారి జీపుకు ఈ నియమం అన్వయించదు. అది ప్రదర్శన కోసం పుట్టలేదు. పని ఆగిపోతే దాని చరిత్రా ఆగిపోతుంది, ఆపైన తూకానికి అమ్మడమే. కనుక దానికి కొత్త గుండెను అమర్చడం సమంజసమే. ఎలా అమర్చాలి అన్నదే ప్రశ్న. తెలుగు భారతంలో దీనికి ఒక దారి కనిపిస్తుంది. పదకొండవ శతాబ్దంలో నన్నయ అరణ్యపర్వం నాలుగవ ఆశ్వాసంలో ఆగిపోయాడు. తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మిగిలిన ఖాళీని పద్నాలుగవ శతాబ్దంలో ఎర్రన పూరించాడు. నన్నయ రీతిలో ప్రారంభించి, క్రమంగా తిక్కన శైలికి చేరువగా నడిపాడని విమర్శకులు మెచ్చుకొన్నారు. తన పేరుతో కాక నన్నయ రచించినట్లుగానే పూర్తిచేసి, రాజరాజనరేంద్రునికే అంకితం చేశాడు. అతుకు కనిపించలేదు, కాని అతికినవాడెవరో లోకానికి తెలుసు.

వాహనంలోనూ ఈ రెండూ కావాలి. అతుకు కుదరాలి, అతికిన సంగతి దాగకూడదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, అనుమతి లేకుండా వాహనాన్ని తయారీదారు చూపిన వివరాలకు భిన్నంగా మార్చరాదు. రిజిస్ట్రేషను పత్రంలో ఇంజను సంఖ్య ఒకటి, బానెట్ కింద ఉన్నది మరొకటి అయితే, ప్రమాదం జరిగిన రోజున బీమా సంస్థ మొదట అడిగేది ఆ సంఖ్యనే. అప్పుడు నష్టపోయేది యజమాని ఒక్కడే కాదు, ఆ బండిలో సంతకు వెళ్ళిన గూడెం ప్రజలు కూడా. దించిన పాత ఇంజనును పాత ఇనుము కింద అమ్మివేయకుండా, నూనె పూసి, గోనెపట్టా చుట్టి, షెడ్డులో ఒక మూలన చెక్కబల్ల మీద ఉంచడానికి పెద్ద ఖర్చేమీ కాదు.