ఆటిజం: పుస్తకంలో నిర్వచనం, ఎదుట బిడ్డ

పదవీ విరమణ తరువాత అప్పుడప్పుడు నర్సింగ్ విద్యార్థినులకు పాఠం చెప్పడానికి వెళుతుంటాను. ఇటీవల ఒక తరగతిలో ఆటిజం అంటే ఏమిటని అడిగాను. నిర్వచనం పొల్లుపోకుండా అప్పజెప్పారు. "రెండేళ్ల బాబు పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడడు. కావలసిన వస్తువును వేలితో చూపడు, అమ్మ చెయ్యి పట్టి అక్కడికి లాక్కుపోతాడు. ఆ తల్లికి ఏమి చెబుతారు?" అని అడిగితే మాత్రం గదిలో చప్పుడు లేదు. చివరకు ఒక అమ్మాయి, "మగపిల్లలకు మాటలు ఆలస్యంగా వస్తాయి, కంగారు పడవద్దని చెబుతాము సార్" అన్నది.

ఆ అమ్మాయిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఒక తల్లితో అదే మాట అన్నాను. ఆమె రెండేళ్ల తరువాత తిరిగి వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. తగిన శిక్షణ మొదలుపెట్టవలసిన ఆ రెండేళ్లూ నా మాట నమ్మి పోగొట్టుకున్నది.

లియో కానర్ 1943లో ఈ స్థితిని వర్ణించాడు. ఆ తరువాత చాలాకాలం, తల్లి ప్రేమ కరవై బిడ్డ ఇలా అయ్యాడన్న వాదం చెలామణీ అయింది. అది తప్పని ఏనాడో తేలింది. అయినా నేటి విద్యార్థులు తల్లిని అడిగే మొదటి ప్రశ్న "సెల్‌ఫోను ఎక్కువగా ఇచ్చారా?" అనే. నింద పాతదే, వస్తువు మారింది, అంతే. టీకాల వల్ల వస్తుందన్న అపోహ కూడా అటువంటిదే. దానికి మూలమైన 1998 నాటి వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో ఉపసంహరించుకున్నది. రేపు ఊళ్లలో టీకాలు వేయబోయే వారికి ఈ సంగతి తెలియకపోతే ఎలా?

టీకా మాట వచ్చింది కనుక చెబుతాను. మన పట్టికలో 16 నుంచి 24 నెలల మధ్య బిడ్డను మళ్లీ తీసుకురావాలి. ఆటిజం లక్షణాలు కనిపెట్టడానికి సరిగ్గా అదే అనువైన వయసు. పిలిస్తే చూస్తాడా, వేలితో చూపుతాడా, వచ్చిన మాటలేవైనా పోయాయా అని సూది వేసే చేతులే అడగవచ్చు. రోగనిర్ధారణ నర్సు పని కాదు. అనుమానం వస్తే వినికిడి పరీక్షకు, పిల్లల వైద్యునికి పంపితే చాలును. సికింద్రాబాదులోనే ఇందుకు జాతీయ సంస్థ ఉన్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది కూడా.

ఉపాధ్యాయ శిక్షణ సంగతీ ఇంతే. బడిగంటకు చెవులు మూసుకునే పిల్లవాడు మొండివాడుగా, ఎవరితోనూ కలవని ఆడపిల్ల బుద్ధిమంతురాలుగా లెక్కకు వస్తారు.

పాఠ్యపుస్తకంలో మరో పేజీ చేర్చినందువల్ల ప్రయోజనం ఉంటుందనుకోను. నాలుగు రోజులు శిక్షణా కేంద్రంలో పిల్లల నడుమ కూర్చోబెట్టాలి, ప్రాక్టికల్ పరీక్షలో దీనికి మార్కులుండాలి. వచ్చే తరగతికి ఒక తల్లిని రమ్మని అడిగాను. పాఠం చెప్పడం తనకు రాదని, విద్యార్థులను తానే ప్రశ్నలు అడుగుతానని అన్నది. సరేనన్నాను.