తెర మారినా తీరు మారకూడదు



చేతికి అలవాటైన సాంచెలో పోగు తెగితే, చూడకుండానే చెయ్యి ఆపే హ్యాండిల్ మీదికి పోతుంది. మన నాందేడ్‌లో ఉస్మాన్‌షాహీ మిల్లు మూతపడింది. సాంచె పోయి తెర వచ్చింది. 2014 నుంచి పీఎఫ్‌కు యూఏఎన్ నంబరు, పింఛనుకు జీవన్ ప్రమాణ్, 2017లో ఉమంగ్. అన్నీ తెర మీదే.

కంప్యూటర్‌లో కుడివైపు ఉన్న మీట ఫోనులో అడుగున ఉంటే, సరే అనుకుని నొక్కింది రద్దవుతుంది. రాసిందంతా పోతుంది, దాంతో ఆ పూట కూలీ పోతుంది. తప్పు కార్మికుడిదా?

తెరల సైజులు వేరు, అన్నీ ఒకేలా కుదరవని కొందరంటారు. ఈ చిక్కు కొత్తది కాదు. 1971 నాటి ఐబీఎం 3270 టెర్మినల్, 1978 నాటి వీటీ100 టెర్మినల్ పనితీరులు వేరు. అయినా 1987లో ఐబీఎం తన రకరకాల యంత్రాలకు ఉమ్మడి నియమాలు రాసింది: ఎఫ్1 అంటే సహాయం, ఎఫ్3 అంటే బయటికి. ఏటీఎంలలో చూడండి, సాధారణంగా రద్దుకు ఎర్ర మీట, ఖాయానికి పచ్చ మీట. చదువు రాని వారికీ తెలుస్తుంది.

బొమ్మ ఒకటే కావాలని మనం అడగడం లేదు. గడుల వరుస, మాటలు, రద్దు మీట ఉండే చోటు మారకూడదు. తప్పు పడితే రాసింది చెరగకూడదు. మరాఠీతో పాటు తెలుగూ ఉండాలి. తెర తయారుచేసే ముందు దాన్ని కార్మికుడి చేతికిచ్చి చూడాలి.

పింఛను మన కష్టార్జితం. అది మీటల చిక్కులో పోకూడదు. కలిసి అడుగుదాం!