ఎనిమిది లేన్లా, పదహారు లేన్లా? ల్యాప్‌టాప్ కొనేవారు అడగాల్సింది అది కాదు

ఇంజనీరింగ్ సీటు ఖరారైందంటే ఇంట్లో ఆ వెంటనే మొదలయ్యే చర్చ ల్యాప్‌టాప్ గురించే. బెంగళూరులోని మన తెలుగు పాఠశాలల్లో చదివి, పీయూసీ ముగించిన పిల్లల్లో చాలామంది గేమింగ్ ల్యాప్‌టాపే కావాలంటున్నారు. ఆటల కోసమేనని కొట్టిపారేయలేం. త్రీడీ డిజైన్‌కు, వీడియో ఎడిటింగ్‌కు, కృత్రిమ మేధ ప్రయోగాలకు కూడా గ్రాఫిక్స్ కార్డు పనికొస్తుంది. అయితే దాని ధర లక్ష రూపాయలకు అటూ ఇటూ ఉంటుంది. చాలా కుటుంబాలకు అది ఏడాది, రెండేళ్ల వాయిదాల భారం. అంత పెట్టి కొన్నాక, గ్రాఫిక్స్ కార్డు 'ఎక్స్ 16' కాకుండా 'ఎక్స్ 8'తో పనిచేస్తోందని తెరపై కనబడితే, మోసపోయామేమోనన్న దిగులు పట్టుకుంటుంది. ఆ దిగులు చాలావరకు అనవసరం. నిజంగా ఆరా తీయాల్సిన సంగతి మరొకటి ఉంది.

ముందు ఈ అంకెల సంగతి చూద్దాం. ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ మధ్య సమాచారం నడిచే దారిని పీసీఐ ఎక్స్‌ప్రెస్ అంటారు. ఎక్స్ 8 అంటే ఎనిమిది లేన్లు, ఎక్స్ 16 అంటే పదహారు. మన ఔటర్ రింగ్ రోడ్డులాగే ఇక్కడా లేన్ల సంఖ్య ఒక్కటే చూస్తే చాలదు, బండ్లు ఎంత వేగంతో వెళ్తున్నాయో కూడా చూడాలి. మూడో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో ఒక్కో లేన్ సెకనుకు సుమారు 1 గిగాబైట్ మోస్తుంది. నాలుగో తరంలో సుమారు 2, ఐదో తరంలో సుమారు 4. అంటే నాలుగో తరం ఎనిమిది లేన్లు, మూడో తరం పదహారు లేన్లతో సమానం. రెండింటిలోనూ సెకనుకు దాదాపు 16 గిగాబైట్లు వెళ్తాయి. ఇంటెల్ 12వ తరం హెచ్ శ్రేణి ప్రాసెసర్లు గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చేదే నాలుగో తరం ఎనిమిది లేన్లు. ఆర్‌టీఎక్స్ 4060 కార్డునైతే ఎనిమిది లేన్లకే తయారుచేశారు. కాబట్టి అందులో ఎక్స్ 8 కనబడటం లోపం కాదు.

జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చూసి కంగారు పడేవారూ ఉన్నారు. నాలుగో తరం దారి అని రాసి ఉన్నచోటే, ప్రస్తుతం 1.1 వేగంతో నడుస్తోందని అది చూపిస్తుంది. పని లేనప్పుడు కరెంటు ఆదా కోసం కార్డు తానే వేగం తగ్గించుకుంటుంది. ఆట తెరిచి చూస్తే అంకె మళ్లీ పైకి వస్తుంది.

మరి ఈ దారి ఎప్పుడు ఇరుకవుతుంది? కార్డు సొంత మెమరీ నిండిపోయినప్పుడు. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4060లో 8 గిగాబైట్ల మెమరీ ఉంటుంది. ఆ మెమరీకీ చిప్‌కూ మధ్య వేగం సెకనుకు 256 గిగాబైట్లు. ఆట బొమ్మలన్నీ అందులో సరిపోయినంత కాలం బయటి దారితో పెద్దగా పని ఉండదు. సామాను ఇంట్లోనే ఉంటే గోదాముకు వెళ్లే రోడ్డు ఎంత వెడల్పైతే ఏం? మెమరీ చాలకపోతే మాత్రం మిగతాది ల్యాప్‌టాప్ ర్యామ్ నుంచి ఆ 16 గిగాబైట్ల దారి మీదుగానే రావాలి. వేగం ఒక్కసారిగా పదహారో వంతుకు పడిపోతుంది, ఆట తడబడుతుంది. 2022 జనవరిలో ఏఎండీ విడుదల చేసిన డెస్క్‌టాప్ కార్డు ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ ఇందుకు మంచి ఉదాహరణ. దానికి 4 గిగాబైట్ల మెమరీ, నాలుగే లేన్లు. మూడో తరం దారి మాత్రమే ఉన్న పాత మదర్‌బోర్డులపై అది బాగా చతికిలపడింది. ఒక్క మెమరీయో, ఒక్క దారియో తక్కువైతే సర్దుకునేది. రెండూ తక్కువ కావడంతో దెబ్బతింది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ల్యాప్‌టాప్ కార్డు బలాన్ని ఎక్కువగా నిర్ణయించేది దానికి అందే కరెంటు. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4060కి తయారీదారు 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు తనకు నచ్చినంత కేటాయించుకోవచ్చు. పెట్టె మీద పేరు మాత్రం ఒక్కటే. ఒకప్పుడు తక్కువ కరెంటుతో నడిచే కార్డులకు మ్యాక్స్-క్యూ అన్న తోక ఉండేది. 2021లో 30 శ్రేణి వచ్చినప్పుడు ఆ తోక తీసేశారు. విమర్శలు వచ్చాక, గరిష్ఠ వాట్లు, క్లాక్ వేగం తమ ఉత్పత్తి పేజీల్లో చెప్పాలని ఎన్విడియా తయారీ సంస్థలను కోరింది. వెబ్‌సైటులో ఎక్కడో అడుగున ఉండే ఆ అంకె, దుకాణంలో ల్యాప్‌టాప్ పక్కన పెట్టే ధర చీటీ మీదకు రావడం అరుదు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు నాణ్యత, సామర్థ్యం, ప్రమాణం, ధర గురించి తెలుసుకునే హక్కు మనకిచ్చింది. వాట్ల అంకె సామర్థ్యం కిందికి రాదని ఎవరైనా అనగలరా? 2023 నవంబరులో ఏఎండీ తన అతిపెద్ద డిజైన్ కేంద్రాన్ని ప్రారంభించింది ఈ బెంగళూరులోనే. ఎన్విడియా ఇంజనీర్లూ ఇక్కడ పనిచేస్తున్నారు. చిప్‌లకు రూపమిచ్చే ఊళ్లో, వాటిని కొనే తండ్రికి ఆ ఒక్క అంకె చెప్పేవారు లేకపోవడం మాకు విడ్డూరంగానే తోస్తోంది.

ఎస్.పి.రోడ్డుకు వెళ్లినా, మాల్‌కు వెళ్లినా, ప్రదర్శనకు పెట్టిన ల్యాప్‌టాప్‌లో ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి సిస్టమ్ ఇన్ఫర్మేషన్ చూడమని పిల్లలకు చెప్పండి. గరిష్ఠ వాట్లు, కార్డు మెమరీ, లేన్ల సంఖ్య మూడూ అక్కడే కనబడతాయి. రెండు మోడళ్ల మధ్య తేల్చుకోలేకపోతే వాట్లు, మెమరీ ముందు చూడాలి, లేన్లు ఆ తర్వాత. బిల్లు మీద 'గేమింగ్ ల్యాప్‌టాప్' అని ఊరుకోనివ్వకుండా పూర్తి మోడల్ నంబరు రాయించుకోవాలి. చూపించింది ఒకటి, ఇచ్చింది ఒకటి అయితే జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు పెట్టడానికి ఆ కాగితం పనికొస్తుంది.