అక్కడి వకీలు, ఇక్కడి దలాలు

నాతో కలిసి ఉస్మానియాలో లా చదివిన మిత్రుడొకడు న్యూయార్క్‌లో ఇమ్మిగ్రేషన్ లాయరు. ఇక్కడి డిగ్రీ అక్కడ సగమే పనికొచ్చింది. ఇంకో ఏడాది ఎల్‌ఎల్‌ఎం చదివాడు, బార్ పరీక్ష రాశాడు, ఇరుకు గదిలో నలుగురితో మగ్గాడు, చివరికి నిలబడ్డాడు. వీసాలు, గ్రీన్‌కార్డులు, జీతం ఎగ్గొట్టిన కంపెనీల మీద కేసులు. ఇదీ వాడి పని. వాడు సెలవుకొస్తే శాలువాలు కప్పుతారు. కప్పనివ్వండి, కష్టపడ్డాడు.

సికింద్రాబాద్‌లో నేను చేసేదీ అదే పని. పాస్‌పోర్టు, వీసా, ఇఖామా, రాని జీతం, వాపసు రాని మనిషి, ఒక్కోసారి వాపసు రాని శవం. కాకపోతే నా దగ్గరికొచ్చేవాళ్లు న్యూజెర్సీకి పోయేవాళ్లు కాదు, జెద్దాకి, దోహాకి, కువైట్‌కి పోయేవాళ్లు. అందుకని తోటి వకీళ్లు నన్ను 'పాస్‌పోర్ట్ సాబ్' అంటారు. ఒకాయన చాటుగా 'గల్ఫ్ దలాల్' అన్నాడట. అక్కడ చేస్తే ఇమ్మిగ్రేషన్ లా, ఇక్కడ చేస్తే దలాలీ! ఈ తేడా పనిలో ఉందా? కక్షిదారు ముఖంలో ఉందా? కాస్త చెప్పండి.

నేనీ పనిలోకి సరదాపడి రాలేదు. మా అబ్బా లాలాగూడ వైపు కరెంటు పని చేసేవాడు. 1980లలో ఒక ఏజెంట్ ఎలక్ట్రీషియన్ వీసా అని చెప్పి పంపాడు. తీరా పోతే ఎడారిలో గొర్రెలు కాయించారు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర. ఎనిమిది నెలల జీతం లేదు. అమ్మీ మెడలో లచ్ఛా అమ్మి, నన్ను వెంటబెట్టుకొని ఒక వకీలు దగ్గరికి పోయింది. ఆయన కాంట్రాక్టు తిప్పి చూశాడు. అరబ్బీలో ఉంది. "మీ భాషే కదమ్మా, చదివి చెప్పు" అన్నాడు. అమ్మీకి అరబ్బీ అక్షరాలు వచ్చు, ఖురాన్ చదువుతుంది. ఆ కాగితం కూడా కూడబలుక్కొని చదివింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ వకీలు నవ్వాడు. ఆ నవ్వే నన్ను లా కాలేజీకి పంపింది.

మా భాష అరబ్బీ అని మీకెవరు చెప్పారు? మా అమ్మీ తిట్టేది ఉర్దూలో, బేరమాడేది తెలుగులో. మా తాతముత్తాతలు ఎడారి చూసి ఎరగరు. అయినా మమ్మల్ని ముందు అరబ్బుల్ని చేసి, ఆ తర్వాత విదేశీయుల్ని చేస్తారు. అసలు ఈ లష్కర్‌లో వలస రానివాడెవడు? 1806లో సికందర్ జా పేరు పెట్టిన ఊరిది. బ్రిటిష్ పటాలం వెంట తమిళ మొదలియార్లొచ్చారు, పార్సీలొచ్చారు, ఆంగ్లో ఇండియన్లొచ్చారు. రెజిమెంటల్ బజార్ అన్న పేరే ఆ సంగతి చెబుతుంది. వాళ్లెవరినీ అడగని ప్రశ్న మమ్మల్నే అడుగుతారు: "మీరెక్కణ్ణుంచి వచ్చార్రా?"

ఇక అమెరికా ముచ్చట. మనవాళ్లకు అక్కడి తలుపులు ఎప్పుడూ తెరిచే ఉన్నాయనుకుంటారు. 1923లో భగత్ సింగ్ థింద్ అనే సిక్కు పౌరసత్వం కేసు అక్కడి సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. ఆయన వకీలు సఖారాం గణేశ్ పండిట్, తనూ వలసపోయినవాడే. వాదనేమిటి? అగ్రకులస్తులం, ఆర్యులం, కాబట్టి తెల్లవాళ్లమే అని! కోర్టు కాదు పొమ్మంది. ఆ తర్వాత సర్కారు పండిట్ పౌరసత్వం మీద కూడా పడింది. తన కేసు తనే పోరాడి 1926లో నిలబెట్టుకున్నాడు. ఆ మొండితనానికి సలాం. కులాన్ని కవచంగా తొడుక్కున్న వాదనకు మాత్రం కాదు.

మనవాళ్లేమైనా తక్కువ తిన్నారా? 1925లో మిషిగన్‌లో జాన్ మహమ్మద్ అలీ అనే పంజాబీ ముస్లిం, నేను హిందూస్తానీని కాను, అరబ్బు సంతతివాణ్ణి అన్నాడు. ఆయన పౌరసత్వమూ రద్దయింది. మనలో సయ్యద్లం, షేక్‌లం అని వంశవృక్షాలు గోడకి తగిలించుకొని, పక్కింటి దూదేకులవాణ్ణి చిన్నచూపు చూసే ఖాన్‌దానీలు ఆ తీర్పు ఒకసారి చదువుకోవాలి. పౌరులు కానివాళ్లను బార్‌లోకి రానివ్వకపోవడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది 1973లో. గ్రిఫిత్స్ అనే డచ్చి మహిళ కొట్లాడి తెచ్చుకున్న తీర్పు అది. నా మిత్రుడు నడిచిన దారి అట్లా పడింది, వంశవృక్షంతో కాదు.

గల్ఫ్‌లో ఆ దారి కూడా లేదు. సౌదీ కోర్టులో నాలాంటి విదేశీ వకీలు లేచి వాదించలేడు. అందుకని కొట్లాట ఇక్కడే మొదలుపెట్టాలి. 1983 ఎమిగ్రేషన్ చట్టం ఉంది. పదో తరగతి గట్టెక్కనివాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర పడుతుంది. వాడు గల్ఫ్‌లో పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. ఏజెంట్ 30 వేలకు మించి రుసుము తీసుకోకూడదని రూలు. లక్షలు పోసి వచ్చినవాణ్ణి రసీదేది అంటే దిక్కులు చూస్తాడు. 2020 సెప్టెంబరులో, కరోనా కాలంలో, కేంద్రం గల్ఫ్ కార్మికుల కనీస వేతనాన్ని కొన్ని దేశాలకు 200 డాలర్లకు దించింది. తెలంగాణ హైకోర్టులో కేసు పడింది. 2021లో ఆ ఉత్తర్వులు వెనక్కి తీసుకున్నారు. ఒక్క కేసు! అది కరీంనగర్ మాలోడికీ, నిజామాబాద్ గౌడన్నకీ, మా గల్లీ డ్రైవర్‌కీ అందరికీ పనికొచ్చింది. దీన్ని దలాలీ అంటారా?

పైగా మాకు ఈ చట్టం విమానమెక్కితేనే అవసరమని లేదు. పాకిస్తాన్ పాస్‌పోర్టుతో తిరిగొచ్చిన అబ్దుల్ ఖాదర్ తాను ఈ దేశస్తుణ్ణేనన్నాడు. విదేశీయుడివని ఆంధ్రప్రదేశ్ సర్కారు కేసు పెట్టి సుప్రీంకోర్టు దాకా పోయింది. పౌరసత్వం పోయిందో లేదో ముందు కేంద్రం తేల్చాలి, అది తేలకుండా శిక్షించడం కుదరదని 1961లో కోర్టు చెప్పింది. 2020 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో 127 మందికి ఆధార్ సంస్థ నుంచి, పౌరులని రుజువు చేసుకోండని నోటీసులొచ్చాయి. ఆధార్‌కూ పౌరసత్వానికీ సంబంధం లేదని అదే సంస్థ చెప్పుకుంది. మరి ఆ నోటీసెందుకు? 1946 విదేశీయుల చట్టం పోయి 2025లో కొత్తది వచ్చింది. విదేశీయుణ్ణి కానని రుజువు చేసుకోవాల్సిన బరువు మాత్రం మనిషి నెత్తిమీదే ఉంది.

ఇన్ని పీకల మీదికొస్తుంటే మన పెద్దలేం చేస్తున్నారు? కొడుకును చికాగో పంపడానికి ఇల్లు తాకట్టు పెడతారు. లా చదువుతానంటే "ఝూట్ బోల్నే కా పేషా" అని మూతి తిప్పుతారు. జల్సాకి చందాలు దొరుకుతాయి, వకీలు ఫీజుకి దొరకవు. ఏజెంట్‌ని భాయీ అని దావత్‌కి పిలుస్తారు, మోసపోయాక నా దగ్గరికొస్తారు. అమ్మాయిల్ని చదివించండి, లా చదివించండి. అరబ్బీ కాంట్రాక్టు అర్థం చేసుకొని చదివే వకీళ్లు ఈ లష్కర్‌లో పదిమంది ఉంటే మా అమ్మీ లచ్ఛా అమ్మేది కాదు.

అబ్బా రెండేళ్లకు తిరిగొచ్చాడు. ఆ ఎనిమిది నెలల జీతం ఇప్పటిదాకా రాలేదు. ఆ కాంట్రాక్టు నా బీరువాలో ఉంది. ఇప్పుడు నేను చదవగలను. అందులో ఎలక్ట్రీషియన్ అన్న మాటే లేదు.

సోమవారం మెట్టుగూడ నుంచి ఒకామె వస్తానంది. కొడుకు కువైట్‌లో ఉన్నాడు, ఐదు నెలలుగా జీతం లేదు. ఏవో కాగితాలున్నాయట. అన్నీ తెమ్మన్నాను.